విండోస్ 11కు మారేటప్పుడు చేతి అలవాటును కాపాడుకోవడం ఎలా?

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో నేను చాలా ఏళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, అర్జీలు టైపు చేయడమే మా పని. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిన తరువాత మా చుట్టుపక్కల దుకాణాలవారు, తెలిసిన ఉపాధ్యాయులు ఒక్కొక్కరుగా విండోస్ 11కు మారారు. మారిన మరునాడు వారిలో చాలామంది నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏమన్నా, స్టార్టు బటను యాడికి పాయ?" అదే మనిషి సాయంత్రానికి ఫోల్డర్లు ట్యాబులుగా తెరుచుకోవడం చూసి సంతోషపడటమూ నాకు తెలుసు. ఇష్టం, విసుగు రెండూ కలిసే ఉంటాయి. ఈ వ్యాసం ఆ విసుగును తగ్గించుకునే మార్గాలను, నేను స్వయంగా చేసి చూసిన క్రమంలో చెబుతుంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. కొత్త తెర నచ్చకపోవడం చేతకానితనం కాదు. స్టార్టు బటను 1995లో విండోస్ 95తో వచ్చింది. అప్పటినుంచి తెరకు ఎడమవైపు అడుగు మూలనే ఉండటంతో, పని తెలిసినవారి చెయ్యి కళ్లతో వెదకకుండానే అక్కడికి పోతుంది. అది ఏళ్ల తరబడి సంపాదించుకున్న నైపుణ్యం. 2012లో విండోస్ 8 ఆ బటనును తీసేసినప్పుడు వాడుకరులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, 2013లో విండోస్ 8.1తో బటను తిరిగి వచ్చింది. విండోస్ 11లోనూ ఇదే జరిగింది: తెరిచి ఉన్న ఫైళ్లను పేర్లతో సహా విడివిడిగా టాస్క్‌బారులో (తెర అడుగున ఉండే పట్టీలో) చూపే వెసులుబాటు 2021లో పోయి, 2023లో మళ్లీ వచ్చింది. అందుచేత మారింది కదా అని అన్నింటికీ తలవంచనక్కరలేదు. వెనక్కి తెచ్చుకోగలిగినవాటిని తెచ్చుకొని, వీలుకానివాటిని మాత్రమే కొత్తగా నేర్చుకోవాలి.

మారడానికి ముందు మీ సిస్టమ్ విండోస్ 11కు సరిపోతుందో లేదో చూడండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రామును నడిపితే అదే చెబుతుంది. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, జాబితాలో ఉన్న ప్రాసెసరు అవసరం. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి పైవే ఆ జాబితాలో ఉన్నాయి. 4 జీబీతో నడుస్తుందన్న మాట నిజమే గాని, పేజీలు దిద్దే పనికి 8 జీబీ లేకుండా మారవద్దని నా అభిప్రాయం. టీపీఎం లేదని చూపినంత మాత్రాన నిరాశపడనక్కరలేదు, కొన్ని సిస్టముల్లో అది ఉండి కూడా బయాస్‌లో (విండోస్ కంటే ముందే పనిచేసే మూల సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది. మెకానిక్కును ఆ సంగతి ప్రత్యేకంగా అడగండి. ఈ నిబంధనలను దాటవేసి విండోస్ 11 వేసే పద్ధతులు ఉన్నాయి గాని, అలాంటి సిస్టములకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది కాబట్టి, ఖాతాదారుల ఆధార్ ప్రతులు ఉండే దుకాణం సిస్టములో ఆ పని చేయకూడదు. మారలేని ఇంటి సిస్టములకు విండోస్ 10 పొడిగింపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఉంటాయి. సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీలో పేరు నమోదు చేసుకోవాలి.

ఏ రోజు మారాలన్నది చాలామంది తేలికగా తీసుకునే విషయం, అసలు ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. శ్రావణ ముహూర్తాలకు రెండు రోజుల ముందు, చేతిలో పదకొండు పెళ్లి పత్రికల పని ఉండగా నేను మా సిస్టమును మార్చాను. ఆ వారమంతా ఒక్కొక్క పత్రికకు పట్టిన సమయం రెట్టింపయింది, ఒక పత్రికలో ముహూర్తం గడియలు తప్పుగా పడి మళ్లీ ముద్రించవలసి వచ్చింది. ఆషాఢంలో ఖాళీగా ఉన్నప్పుడే చేసి ఉండవలసిందని ఇప్పటికీ బాధపడతాను. ఎవరి పనికి వారి ఆషాఢం ఉంటుంది. జీఎస్టీ రిటర్నులు వేసేవారు 20వ తేదీ దాటాక, బడులవారు వేసవి సెలవుల్లో, అనంతపురం జిల్లాలో వేరుశనగ విత్తనాలు, ఎరువులు అమ్మేవారు తొలకరి రద్దీ తగ్గాక మారడం మంచిది. వేసవి మధ్యాహ్నాల్లో కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ బ్యాటరీ సరిగా ఉందో లేదో చూసుకొని, రాత్రి పూట మొదలుపెట్టండి. అప్‌గ్రేడ్ నడుస్తుండగా సిస్టమ్ ఆగిపోవడం కంటే కష్టం మరొకటి లేదు.

మారే ముందు రోజు ఫైళ్లన్నింటినీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి తీసుకొని, ఆ డిస్కును ఊడదీసి పక్కన పెట్టండి. మీరు వాడే పాత ప్రోగ్రాముల పేర్లు, లైసెన్సు సంఖ్యలు, ప్రింటరు నమూనా పేరు ఒక కాగితం మీద రాసుకోండి. విండోస్ 11లో 64 బిట్ రూపం మాత్రమే ఉంది. అందులో 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గాని, మరీ పాత 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. పాత లేజర్ ప్రింటరు ఉన్నవారు దానికి 64 బిట్ డ్రైవరు దొరుకుతుందో లేదో ముందే తెలుసుకోవాలి.

మొదటి రోజు కూర్చోగానే పనిలోకి దిగవద్దు. పది నిమిషాలు పెట్టి తెరను మీ చేతికి తగ్గట్టు సర్దుకోండి. టాస్క్‌బారు మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరిస్తే, అడుగున టాస్క్‌బార్ బిహేవియర్స్ అనే భాగం ఉంటుంది. అందులో అలైన్‌మెంట్ అన్నచోట సెంటర్‌కు బదులు లెఫ్ట్ ఎంచుకుంటే స్టార్టు బటను తన పాత మూలకు వచ్చేస్తుంది. ఈ ఒక్క మార్పుతోనే సగం విసుగు పోవడం నేను ఎందరిలోనో చూశాను. అదే భాగంలో బటన్లను కలిపి చూపే ఎంపిక దగ్గర నెవర్ అని పెడితే, తెరిచిన నాలుగు ఫైళ్లూ నాలుగు పేర్లతో విడిగా కనిపిస్తాయి. ఒకేసారి ముగ్గురు ఖాతాదారుల ఫైళ్లు తెరిచి పనిచేసేవారికి ఇది సౌకర్యం మాత్రమే కాదు, ఒకరి ఫైలులో మరొకరి మార్పు చేయకుండా కాపాడే జాగ్రత్త. టాస్క్‌బారును తెర పైకో పక్కకో జరుపుకొనే వీలును మాత్రం విండోస్ 11 వచ్చినప్పుడే తీసేశారు. పేజీ పొడవంతా తెర మీద కనిపించాలని దాన్ని పక్కన పెట్టుకొన్న డీటీపీవారికి అది నిజమైన నష్టమే, దానికి బాధపడటం సహజం.

రైట్ క్లిక్ మెనూ విషయానికి వస్తే, కట్, కాపీ, పేస్ట్, పేరు మార్చడం, తొలగించడం అనేవి ఇప్పుడు మెనూ పైభాగంలో గుర్తుల రూపంలో వరుసగా ఉంటాయి. మీ పాత ప్రోగ్రాము చేర్చిన ఎంపిక ఏదైనా కనిపించకపోతే, షో మోర్ ఆప్షన్స్ మీద నొక్కినా, ఫైలును ఎంచుకొని షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కినా పాత మెనూ వస్తుంది. షిఫ్ట్ పట్టుకొని రైట్ క్లిక్ చేస్తే నేరుగా అదే తెరుచుకుంటుంది. రిజిస్ట్రీని, అంటే విండోస్ లోపలి సెట్టింగుల పట్టికను, మార్చి పాత మెనూను శాశ్వతంగా తెచ్చుకోవచ్చని వీడియోలు చెబుతాయి. అది తెలిసినవారు పక్కన ఉంటే తప్ప చేయవద్దు, షిఫ్ట్ మీద వేలు పెట్టడం వారంలో అలవాటవుతుంది.

ఎక్కువ భయపెట్టేది డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించడం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డరు లోపలికి చేరతాయి. తరువాత ఎవరైనా ఆ బ్యాకప్‌ను ఆపితే ఫైళ్లు అక్కడే మిగిలిపోయి, డెస్క్‌టాప్ ఖాళీ అయినట్టు కనిపించవచ్చు. ఫైళ్లు పోయాయని కంగారుపడి రికవరీ ప్రోగ్రాములు వేయకముందే, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డరు తెరిచి అందులోని డెస్క్‌టాప్‌ను చూడండి. ఉచితంగా వచ్చే చోటు 5 జీబీ మాత్రమే కాబట్టి, పత్రికల ఫొటోలు, డిజైన్లు దాచుకునేవారికి అది కొన్ని రోజుల్లోనే నిండుతుంది. మా వంటి పనికి ఆ బ్యాకప్‌ను మొదటి రోజే, ఫైళ్లు అందులోకి చేరకముందే ఆపుకొని, హార్డ్‌డిస్కు మీద ఆధారపడటం మేలని నాకు తోస్తుంది. కొత్త సిస్టములలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో పాటు డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కూడా దానంతట అదే ఆన్ కావచ్చు. ఆ రికవరీ కీ మీ ఖాతాలో భద్రమై ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, ఖాతా పాస్‌వర్డు కూడా సిస్టమ్ అమర్చిన కుర్రవాడి దగ్గర కాకుండా మీ దగ్గరే ఉండాలి.

తెలుగు టైపింగ్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. మా పట్టణంలో పత్రికల పని ఇంకా ఎక్కువగా అను ఫాంట్లతోనే జరుగుతోంది. ఇవి యూనికోడ్ (ఏ సిస్టములోనైనా ఒకేలా చదవగలిగే అక్షర ప్రమాణం) కావు కనుక, ఆ ఫాంటు లేని సిస్టములో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. విండోస్ మారాక అలా కనిపిస్తే ఫైలు పాడైందనుకోవద్దు, ఫాంట్లను మళ్లీ వేస్తే అక్షరాలు వస్తాయి. ఫాంట్లతో పాటు కీబోర్డు ప్రోగ్రామును కూడా వేసి, పాత పత్రిక ఒకటి తెరిచి, ఒత్తులు, వట్రసుడులు ఉన్న పదాలను కాగితం మీద ముద్రించి చూసుకున్నాకే కొత్త పనులు ఒప్పుకోండి. తెర మీద సరిగా ఉన్నది కాగితం మీద విరిగిపోవడం మాకు కొత్త కాదు. యూనికోడ్‌లో రాయాలనుకునేవారు సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ తెరిచి తెలుగు చేర్చుకుంటే, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డుతో పాటు ఇంగ్లిషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు కూడా దొరుకుతుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇది విండోస్ 10లోనూ ఉన్నదే గాని, మార్పు సందర్భంగా అయినా నేర్చుకున్నవారు ఆన్‌లైన్ అర్జీల్లో తెలుగు నింపడం ఎంత సులువో తెలుసుకుంటారు.

ఇక మంచి మార్పుల విషయం. వాటన్నింటినీ ఒకేసారి నేర్చుకోవాలనుకుంటే ఏదీ నిలవదు, వారానికి ఒకటి చాలు. ప్రోగ్రాము కిటికీని (విండోను) పెద్దది చేసే గుర్తు మీద బాణం నిలిపితే తెరను ఎలా పంచుకోవచ్చో బొమ్మలుగా కనిపిస్తుంది. చేతిరాత ప్రతిని స్కాను చేసి ఒక పక్క, టైపు చేసే పేజీని మరో పక్క పెట్టుకోవడానికి ఇంతకంటే సుఖం లేదు. ప్రూఫు దిద్దే పనిలో నాకు ఇది రోజూ ఉపయోగపడుతోంది, దీన్ని వదులుకొని విండోస్ 10కు పోవాలని నాకు లేదు.

ఇంట్లో పెద్దవారికో, బడిలో తోటి ఉపాధ్యాయులకో నేర్పేటప్పుడు మౌసును వారి చేతిలోనుంచి తీసుకోవద్దు. "మీరే నొక్కండి సార్, నేను చెబుతాను" అని పక్కన కూర్చోవాలి. మనం చకచకా చేసి చూపిస్తే వారికి మిగిలేది భయమే. వారు రోజూ తెరిచే రెండు మూడు ప్రోగ్రాములను టాస్క్‌బారుకు పిన్ చేసి ఇస్తే, స్టార్టు మెనూ జోలికి పోకుండానే వారి పని జరిగిపోతుంది.

ఇంత చేసినా పని కుదరకపోతే వెనక్కి పోయే దారి ఉంది. విండోస్ 10 మీదే అప్‌గ్రేడ్ చేసినవారికి సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ అనే బటను 10 రోజులపాటు పనిచేస్తుంది. ఫైళ్లు అలాగే ఉంటాయి, మారిన తరువాత వేసిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి. ఆ పది రోజుల్లో చోటు కోసం విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డరును తీసేయవద్దు, అది లేకపోతే వెనక్కి పోలేము. మొదటి రెండు రోజుల చిరాకులో ఆ బటను నొక్కకండి. ప్రింటరు, అను ఫాంట్లు, బిల్లింగ్ ప్రోగ్రాము, మీ చేతి వేగం ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకుంటూ, ఎనిమిదో రోజు సాయంత్రం ఆ కాగితం ముందు పెట్టుకొని నిర్ణయించండి. వెనక్కి పోవాలనుకుంటే ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి.