విషయసూచికలో నంబర్లు వరుసలోకి వచ్చిన విధం

మా నాన్నగారి కథల పుస్తకానికి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో నేనే పేజీలు కట్టాను. రేపు ప్రింటుకు ఇవ్వాలనగా చూస్తే, విషయసూచికలో పేజీ నంబర్లు ఒకదాని కింద ఒకటి లేవు. చాలా టెన్షన్ పడ్డాను.

కనపడని గుర్తులు చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే కారణం తెలిసింది. కథ పేరుకీ నంబరుకీ మధ్య వరసగా స్పేసులు కొట్టి ఉన్నాయి. తెలుగు అక్షరాల వెడల్పు ఒకేలా ఉండదు, ‘ర’ ఎక్కడ, ‘ఘ’ ఎక్కడ! అవన్నీ తీసేసి ఒక్కో ట్యాబ్ కొట్టాను. కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కితే వచ్చే రూలర్‌లో కుడి అంచున కుడివైపు ట్యాబ్ (నంబర్ల చివరలను కుడికి సర్దేది) పెట్టి, లీడర్ గడిలో, అంటే పేరుకీ నంబరుకీ మధ్య ఖాళీని నింపే గుర్తు ఇచ్చే చోట, చుక్క ఇచ్చాను. నంబర్లు గీత గీసినట్టు నిలబడ్డాయి.

పేరాల మధ్య ఖాళీ మాత్రం గంటసేపు ఏడిపించింది. ఖాళీ ఎంటర్లు తీసేసి, పేరాగ్రాఫ్ స్టైల్‌లో (పేరాలన్నిటికీ ఒకేసారి వర్తించే సెట్టింగుల్లో) ‘స్పేస్ ఆఫ్టర్’, అంటే పేరా తర్వాత ఖాళీ, 6 పాయింట్లు ఇచ్చినా, ఒక పూర్తి లైనంత ఖాళీ వస్తోంది. చివరికి చూస్తే, స్టైల్‌లో బేస్‌లైన్ గ్రిడ్ సెట్టింగ్, అంటే లైన్లన్నీ సమాన దూరంలో ఉండే గీతల మీదే కూర్చునేలా చేసేది, ఆన్‌లో ఉంది. అందుకే ప్రతి పేరా తర్వాతి గ్రిడ్ గీత మీదకు జారుతోంది. దాన్ని తీసేయగానే 6 పాయింట్లే వచ్చాయి. ఎదురెదురు పేజీల్లో లైన్లు ఇప్పుడు కచ్చితంగా ఒకే ఎత్తులో లేవు. కథల పుస్తకానికి అది ఫర్వాలేదనిపించి అలాగే ప్రింటుకు ఇచ్చాను.