విమాన ఫ్యాక్టరీ పిన్నులు: కడిగి పాడుచేయకుండా సేకరించడం ఎలా?

రెండో ప్రపంచయుద్ధంలో బోయింగ్, డగ్లస్, గ్రమ్మన్ లాంటి అమెరికా కంపెనీలు పనివాళ్లకిచ్చిన పిన్నులు, బ్యాడ్జీలు సేకరించాలంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. 10 రెట్లు చూపే భూతద్దం, మెత్తటి బ్రష్షు, పొడి నూలుగుడ్డ చాలు.

"ఇ" పిన్నుతో మొదలుపెట్టండి. యుద్ధ సామగ్రి తయారీలో రాణించిన ఫ్యాక్టరీలకు అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి ఇచ్చిన బహుమతి ఆర్మీ-నేవీ ఇ అవార్డు. 1942 నుంచి దాన్ని గెలిచిన ఫ్యాక్టరీల ఉద్యోగులకు పంచినదే ఈ పిన్ను. మధ్యలో ఇంగ్లిష్ ఇ (E) అక్షరం, చుట్టూ ఆకుల దండ, రెండు పక్కలా చారలు. వెనక స్టెర్లింగ్ (Sterling, అంటే మేలి వెండి) అని ఉందేమో చూడండి. అసలు సంగతి, ఈ పిన్ను మీద ఫ్యాక్టరీ పేరుండదు. విమానాలవాళ్లకే కాదు, తుపాకులు చేసినవాళ్లకూ ఇదే పిన్ను. అందుకే కంపెనీ పేరున్న కాగితం జతగా లేకపోతే విమాన ఫ్యాక్టరీది అనే మాటకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇక శుభ్రం చేయడం. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. వెండి పట్టీలు తోమినట్టు విభూతితోనో టూత్‌పేస్టుతోనో రుద్దితే అక్షరాల అంచులు అరిగిపోతాయి. వెండిని మెరిపించే ద్రావణంలో ముంచితే గుంతల్లో ఉండాల్సిన నలుపు కూడా పోయి, పిన్ను నిన్న చేసినట్టు తెల్లగా అయిపోతుంది. వేడినీళ్లు అసలే వద్దు, పాత ఎనామిల్ (రంగు గాజుపూత) పగులుతుంది. బ్రష్షుతో దుమ్ము దులపండి, గుడ్డతో ఒత్తకుండా తుడవండి, అక్కడితో ఆపేయండి. నలుపు మచ్చ కాదు, వయసు.

ఫొటో ఉన్న గుండ్రటి బ్యాడ్జీలకు నీళ్లు తగలనివ్వకండి. వాటిలో రేకు, దాని మీద కాగితం, పైన సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పొర, వెనక బిగించిన రింగు ఉంటాయి. తడిగుడ్డ పెట్టారా, రింగు సందులోంచి తేమ లోపలికి పాకి రేకు తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఫొటో మీద గోధుమరంగు మరకవుతుంది. ఇక దాన్ని ఏ మందూ తీయలేదు. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ అయితే పొరనే కరిగిస్తుంది. సెల్యులాయిడ్ తేలిగ్గా అంటుకునే సరుకు, దీపానికి, పొయ్యికి దూరంగా ఉంచండి.

దాచేటప్పుడు వెండి పిన్నులు, సెల్యులాయిడ్ బ్యాడ్జీలు ఒకే పెట్టెలో కలపొద్దు. పాతబడిన సెల్యులాయిడ్ వదిలే ఆమ్లపు ఆవిరి పక్కనున్న లోహాన్ని తినేస్తుంది. బ్యాడ్జీలను గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచండి. వెండి పిన్నులను ఆమ్లం లేని కాగితంలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. రబ్బరు బ్యాండు మాత్రం చుట్టకండి, దాంట్లో ఉండే గంధకం వెండిని పాడుచేస్తుంది.