క్వారీ ఒప్పందం రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: టేపు ఎవరి చేతిలో ఉంది?

ముందు పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు జవాబు. క్వారీ కోసం పట్టాదారు, కంపెనీ వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదేళ్లకు భూమి లీజు ఒప్పందం రాసుకొని నోటరీ చేయించుకున్నారు, సరిపోతుందా? సరిపోదు. ఏడాదికి మించిన భూమి లీజు రిజిస్టరు కావాల్సిందే. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107, 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 రెండూ అదే చెబుతాయి. నోటరీ ముద్ర ఎంత ఎర్రగా ఉన్నా రిజిస్ట్రేషన్ చేసే పని అది చేయదు. ఇక ఆ భూమి అసైన్డ్ (పేదలకు సర్కారు ఇచ్చిన భూమి) అయితే రిజిస్ట్రారు ఆఫీసు దాకా పోవడమే దండగ. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అమ్మకాన్నే కాదు, లీజును కూడా బదిలీ కిందే లెక్కగట్టి నిషేధించింది. ములుగు వైపు ఏజెన్సీ ఊళ్లలో గిరిజనేతరులకు భూమి రాయించే ఆలోచన ఉంటే అట్లాంటి బదిలీలను అడ్డుకునే 1/70 చట్టాన్నీ, అక్కడ గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పునూ చదివాకే పెన్ను పట్టండి.

ఇక ఈ పాఠం కొలత గురించి. బేరం కుదిరే రోజు అందరూ రేటు దగ్గరే కొట్లాడతారు. నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం కొలత దగ్గర పుట్టినవే.

నేపథ్యం మళ్లీ ఒకసారి. కరీంనగర్ టాన్ బ్రౌన్ అనే గ్రానైటు రాయి పట్టా భూమిలో ఉంటే, క్వారీ లీజు ఇచ్చేది ప్రభుత్వమే అయినా పట్టాదారు సమ్మతి కావాలి. ఆ సమ్మతికి బదులుగా కంపెనీ పట్టాదారుకు ఏమిస్తుందో రాసుకునే కాగితమే మన పాఠం. 1999 గ్రానైట్ నియమాల ప్రకారం లీజు 20 ఏళ్లకు తగ్గదు, 30 ఏళ్లకు మించదు. అంటే సంతకం పెట్టేది తండ్రి, దాన్ని పట్టుకొని తిరగాల్సింది కొడుకు. ఈవేళ గదిలో ఉన్నవాళ్లకు అర్థమైతే చాలదు. ఇరవై ఏళ్ల తర్వాత చదివేవాడికీ అర్థం కావాలి.

నేను వకాలత్ మొదలుపెట్టిన కొత్తలో హన్మకొండలో కూర్చొని రాసిన క్లాజు ఒకటి చూపిస్తాను. 1వ పార్టీ అంటే పట్టాదారు, 2వ పార్టీ అంటే కంపెనీ. అప్పట్లో దీన్ని చూసి నేనే మురిసిపోయాను:

"సదరు భూమి నుండి తీసిన గ్రానైటుకు ఘనపు మీటరు ఒక్కింటికి నిర్ణీత రేటు చొప్పున 2వ పార్టీ వారు 1వ పార్టీ వారికి చెల్లించవలెను."

చదవడానికి బాగానే ఉంది కదా? రెండేళ్లు తిరక్కుండానే పట్టాదారు నా గుమ్మం ముందు కూర్చున్నాడు. కంపెనీ తప్పుడు లెక్క కూడా ఏమీ రాయలేదు. నేను ఖాళీ వదిలిన చోట తనకు అనువైన అర్థం నింపుకుంది, అంతే. 'తీసిన' అంటే ఫేస్ (క్వారీలో రాయి కోసే గోడ) నుంచి కోసిందా, లారీ ఎక్కిందా? పగులు వచ్చి డంపులో పడేసిన రాయి 'తీసిన' దాంట్లోకి వస్తుందా? అన్నిటికన్నా పెద్దది మూడోది: ఘనపు మీటరు ఏ కొలతతో?

రఫ్ బ్లాకు అంచులు సాఫీగా ఉండవు. అందుకని కొనేవాడు ప్రతి వైపూ కొంత తగ్గించి కొలుస్తాడు. తగ్గించకుండా కొలిస్తే గ్రాస్, తగ్గిస్తే నెట్. పొడవులో 10 సెంటీమీటర్లు, వెడల్పు ఎత్తుల్లో చెరి 5 తగ్గిస్తారనుకుందాం. కాగితం తీసుకొని నాతోపాటు లెక్క వేయండి.

బ్లాకు 3.00 × 1.80 × 1.50 మీటర్లు. గ్రాస్ 8.10 ఘనపు మీటర్లు. నెట్ 2.90 × 1.75 × 1.45, అంటే సుమారు 7.36. ఒక్క బ్లాకుకు ముప్పావు ఘనపు మీటరు పోయింది, నూటికి తొమ్మిది. రేటు మాట్లాడేటప్పుడు యాభై రూపాయల కోసం రెండు గంటలు కూర్చున్న మనిషి ఇక్కడ నూటికి తొమ్మిది వదిలేసి చాయ్ తాగి లేచిపోతాడు.

బేరం బల్ల దగ్గర ఈ మాట ఇట్లా వస్తుంది:

"పెద్దయ్యా, పోర్టుల బ్లాకులు కొలిచి మార్కింగు చేసే కొనేటోడు మాకు కోత పెడ్తడు. మేం మీకు నిండ కొలిచి పైసలిస్తే ఆ నష్టం మాకే గదా?"

"అగో, గట్లెట్ల సారూ? రాయి నా చెలకలకెల్లి నిండనే పోతుంది. నువ్వు అమ్ముకునే కాడ కోత పెడితే నాకేం సంబంధం?"

ఇద్దరి మాటా న్యాయమే. ఇక్కడ గొంతు పెంచకుండా కాలిక్యులేటర్ బయటికి తీయడం వకీలు పని. లెక్క కోసం రేటు 2,000 రూపాయలనుకోండి. పై బ్లాకుకు గ్రాస్ మీద 16,200 వస్తుంది. నెట్ మీద 2,200 ఇస్తే 16,189. రెండూ ఒకటే! కాబట్టి, "సార్, నెట్టే కావాలంటే మాకు అభ్యంతరం లేదు, రేటు 2,200 రాయండి" అనొచ్చు. అవతలి మేనేజరుకు లెక్క తెలిసి ఉంటే నవ్వుతాడు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీరు ఆగకండి. చిన్న బ్లాకు తీసుకుందాం: 1.50 × 1.00 × 0.80. గ్రాస్ 1.20. నెట్ 1.40 × 0.95 × 0.75, అంటే 0.9975. ఇక్కడ కోత నూటికి పదిహేడు! గ్రాస్ మీద 2,400 రావాల్సిన చోట 2,200 నెట్ రేటుతో 2,195 కూడా రాదు. సెంటీమీటర్ల కోత పెద్ద బ్లాకుకు గీత, చిన్న బ్లాకుకు గాయం. క్వారీ పాతబడి పగుళ్ల రాయి తగిలేకొద్దీ చిన్న బ్లాకులే ఎక్కువ వస్తాయి. మొదటి ఏడు సమానంగా కనబడిన బేరం ఎనిమిదో ఏడుకు ఒకవైపు ఒరుగుతుంది. అందుకే పట్టాదారు తరఫున రాస్తున్నప్పుడు నా సలహా ఎప్పుడూ గ్రాసే. చిన్న సైజు మార్కెట్లో తక్కువకు పోతుందని కంపెనీ అంటే అది నిజమే, కాదనొద్దు. గ్యాంగ్‌సా (పెద్ద బ్లాకులను పలకలుగా కోసే రంపపు యంత్రం) సైజుకు ఒక రేటు, దానికి తక్కువైన కట్టర్ సైజుకు ఇంకో రేటు పెట్టుకోండి. ఆ హద్దు ఎన్ని సెంటీమీటర్లో అంకెల్లో రాయండి. 'పెద్ద', 'చిన్న' అని రాస్తే మళ్లీ నా గుమ్మం దగ్గరికే వస్తారు.

పాత క్లాజును ఇప్పుడు ఇట్లా రాస్తాను:

"షెడ్యూలు భూమి హద్దులు దాటి బయటికి పంపే ప్రతి గ్రానైటు బ్లాకుకు, ఏ తగ్గింపూ లేకుండా కొలిచిన పొడవు, వెడల్పు, ఎత్తుల గుణకారంతో వచ్చిన ఘనపు మీటర్లపై, అనుబంధం 2లోని రేటు చెల్లించాలి. కొలత బ్లాకును లారీకి ఎక్కించే ముందు, 1వ పార్టీ లేదా వారు పంపిన మనిషి ఎదుట జరగాలి. బ్లాకు నంబరు, మూడు కొలతలు, తేదీ, లారీ నంబరు, పర్మిట్ నంబరు రిజిస్టరులో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. డంపులోని రాయిని ఏ రూపంలో బయటికి అమ్మినా అనుబంధం 2లోని వేరే రేటు వర్తిస్తుంది."

'సదరు' ఎగిరిపోయింది, గమనించారా? పత్రంలో రెండు సర్వే నంబర్లు ఉన్నప్పుడు 'సదరు భూమి' ఏదో దేవుడికే తెలియాలి. 'తీసిన' బదులు 'హద్దులు దాటి పంపే' వచ్చింది. సీనరేజీ (తీసిన రాయికి సర్కారుకు కట్టే రుసుము) కట్టి పర్మిట్ తీసుకున్నాకే లారీ కదలాలి కాబట్టి, ఆ నంబరు మన రిజిస్టరుకు కాపలా.

ఇంకో కాపలా ధర్మకాంట. గ్రానైటు ఘనపు మీటరుకు సుమారు 2.6 నుంచి 2.7 టన్నులు తూగుతుంది. ఖాళీ లారీ బరువు తీసేయగా 21 టన్నులున్న బ్లాకును రిజిస్టరులో 7.36 అని రాస్తే, ఎవరో ముందే కోత పెట్టి రాశారని అర్థం. వంకర బ్లాకుల్లో తేడా వస్తుంది గనుక కాంటా చీటీ మీద డబ్బు లెక్క కట్టొద్దు. నెల మొత్తంలో తేడా ఇంతకు మించితే మళ్లీ కొలవాలని రాయండి. అది చాలు.

కంపెనీ వకీలు తప్పకుండా ఒక వాక్యం దూరుస్తాడు: "7 రోజుల్లో అభ్యంతరం చెప్పని యెడల 1వ పార్టీ హక్కు పోవును." భయపడకండి. గడువు దాటితే హక్కే చచ్చిపోతుందనే షరతును 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 28, 1997 సవరణ తర్వాత, చెల్లనివ్వదు. అయినా ఆయన భయంలో అర్థం ఉంది, అయిదేళ్ల కిందటి బ్లాకును ఇప్పుడు ఎవరు కొలుస్తారు? మధ్యేమార్గంగా ఇట్లా రాయండి: "ఇద్దరూ సంతకం చేసిన ఎంట్రీని సరైనదిగా భావించాలి, తప్పని చూపే భారం అభ్యంతరం చెప్పేవారిదే."

కనీస మొత్తం గురించి రెండు మాటలే. క్వారీ ఆపి కూర్చుంటే పట్టాదారుకు ఏమొస్తుంది? "రాయి పోకుంటే పైసలేడికెల్లియ్యాలె?" అంటారు. ప్రభుత్వాన్నే చూపించండి. లీజుదారు రాయి తీసినా తీయకున్నా డెడ్ రెంట్ కట్టాలి. సీనరేజీ అంతకు మించితే సీనరేజీ కట్టాలి. రెంటిలో ఏది ఎక్కువైతే అది. సర్కారుకు వర్తించే న్యాయాన్నే పట్టాదారుకూ అడుగుతున్నామని చెప్పండి. ఈ వాదనకు ఎదురు సమాధానం నేనింతవరకు వినలేదు.

అభ్యాసం: బ్లాకు 2.40 × 1.50 × 1.20. పై కోతతోనే నెట్ కట్టండి. గ్రాస్ మీద 1,800 రూపాయలు ఇచ్చేట్టయితే, నెట్ మీద ఎంత రేటు అడిగితే సమానమవుతుంది? ఆ తర్వాత, "నెలాఖరున లెక్క చూసి డబ్బు ముట్టజెప్పవలెను" అనే వాక్యంలో ఎన్ని ఖాళీలున్నాయో వెతకండి. నాకు నాలుగు దొరికాయి. ఆ నాలుగింటితోనే 5వ పాఠం, చెల్లింపు గడువులు, మొదలుపెడదాం.