కుక్కకో పిల్లికో ఒంట్లో బాగోకపోతే డాక్టర్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్లాలి?

ముక్కు తడిగా ఉంటే బాగున్నట్టు, పొడిబారితే జ్వరం వచ్చినట్టు అనే నమ్మకాన్ని ముందు వదిలేయండి. నిద్ర లేచిన కుక్క ముక్కు మామూలుగానే పొడిగా ఉండవచ్చు. ప్రాణం మీదికొచ్చిన కుక్క ముక్కు తడిగానూ ఉండవచ్చు. ముక్కు తడిమి ఊరుకున్నందుకే చాలామంది ఒక రోజు ఆలస్యంగా వెళతారు.

కావలసినవి సెకన్ల ముల్లున్న గడియారం, డిజిటల్ థర్మామీటర్, కాస్త వాసెలిన్, ఓ నోటుపుస్తకం. ఫోన్‌లో రాసుకోవద్దు. హడావిడిలో వెతికితే దొరకదు.

1. కొన్నిటికి ఏ పరీక్షా అక్కర్లేదు, వెంటనే బయల్దేరాలి. పిల్లి నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ వచ్చినా. పెద్దజాతి కుక్క పదేపదే ఓకరిస్తూ ఏమీ కక్కలేక, పొట్ట ఉబ్బుతుంటే కడుపు మెలితిరిగి ఉండవచ్చు, తెల్లారేదాకా ఆగకూడదు. మగపిల్లి ఇసుక పెట్టెలో కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం పోయకపోతే అదీ అంతే. దాన్ని మలబద్ధకం అనుకుని ఇంటివైద్యం చేస్తుంటారు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే పిల్లి చనిపోవచ్చు.

2. చిగుళ్లు చూడండి. పై పెదవి ఎత్తి కోరపన్ను మీది చిగురును వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటికి 2 సెకన్లలోపు గులాబి రంగు తిరిగి రావాలి. పాలిపోయినా, నీలంగా ఉన్నా, పసుపు తేలినా ఆగొద్దు. చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటే కింది కనురెప్ప లోపలివైపు చూడండి.

3. జ్వరం. వాసెలిన్ రాసిన థర్మామీటర్ కొనను మలద్వారంలో రెండు సెంటీమీటర్ల దాకా పెట్టాలి. 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. మనిషి లెక్కన చూసి జ్వరమని కంగారుపడొద్దు. 104కి చేరినా, 99 కంటే తగ్గినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. నుదుటికి గురిపెట్టే తుపాకీ థర్మామీటర్లు బొచ్చు వేడిని చూపిస్తాయి, పనికిరావు. పిల్లి పెనుగులాడితే ఈ మెట్టు మానేయండి.

4. ఊపిరి లెక్క. అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పేది ఇదే, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. గుండెజబ్బుతో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైనప్పుడు, కుక్క ఇంకా తింటూ తోక ఊపుతూ ఉండగానే నిద్రలో ఊపిరి వేగం పెరుగుతుంది. నొప్పి, జ్వరం, రక్తహీనత ఉన్నా పెరగవచ్చు.

గాఢంగా నిద్రపోతున్నప్పుడే లెక్కపెట్టాలి. మేలుకుని ఉంటే వాసన పీల్చినా ఊపిరి మారుతుంది. ఆడుకుని వచ్చి రొప్పుతున్నప్పటి లెక్కకు విలువే లేదు. కాళ్లు కొట్టుకుంటూ, కళ్లు కదులుతూ ఉంటే కల కంటోంది, అది అయ్యేదాకా ఆగండి. పిల్లి గురగురలాడుతుంటే కూడా ఆగాలి.

చెయ్యి వేయకండి, లేస్తుంది. పక్కనుంచి డొక్క దగ్గర చూడండి. డొక్క లేచి పడితే ఒకటి. లేవడం ఒకటి, పడడం ఒకటిగా లెక్కేసి, రెట్టింపు అంకె చూసి భయపడేవాళ్లు ఎందరో. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించడం నేర్పుతారు గానీ, ఒక్కటి తప్పితే నాలుగు తప్పినట్టు. నిండా నిమిషం లెక్కపెట్టండి.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకైనా పిల్లికైనా నిద్రలో సాధారణంగా 30 లోపే ఉంటుంది. గంట ఆగి మళ్లీ చూసినా 30 దాటితే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. 40 దాటినా, ఊపిరికి పొట్ట లోతుగా లాగుతున్నా వెంటనే బయల్దేరండి. అసలు ఈ లెక్క బాగున్న రోజుల్లోనే వరసగా ఓ వారం రాసిపెట్టుకోవాలి. ఎప్పుడూ 16 ఉండేదానికి 28 వచ్చిందంటే, 30 దాటలేదని వదిలేయకూడదు.

5. తిండి, నీళ్లు. పెద్ద కుక్క ఒక్కసారి కక్కి మళ్లీ హుషారుగా తిరుగుతుంటే ఒక రోజు చూడవచ్చు. కుక్కపిల్లయితే చూడకూడదు, ఒంట్లో నీళ్లు త్వరగా పోతాయి. పిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే తీసుకెళ్లండి. ముఖ్యంగా లావుపాటి పిల్లి పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఎదకొచ్చి కొన్ని వారాలయ్యాక నీళ్లు ఎక్కువ తాగుతూ మందకొడిగా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో అదే రోజు చూపించాలి.

ఈలోగా మన మందులేవీ వేయకండి. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుళ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

వెళ్లేటప్పుడు ఊపిరి అంకెలు రాసిన పుస్తకం, నిద్రలో తీసిన నిమిషం వీడియో పట్టుకెళ్లండి. ఆసుపత్రి బల్ల మీద భయంతో ఊపిరి ఎలాగూ పెరుగుతుంది, ఇంటి దగ్గరి అంకే డాక్టర్‌కి పనికొస్తుంది. ఊపిరాడని పిల్లిని గుండెలకు హత్తుకుని తీసుకెళ్లొద్దు. గాలి ఆడే పెట్టెలో పెట్టి, ముట్టుకోకుండా తీసుకెళ్లండి.