పడవకు ఫైబర్ పని, 4వ పాఠం: జిగురు, హార్డెనర్, ఆ తర్వాతే పుట్టీ

ఈసారి నేరుగా పుట్టీలోకి వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి పడవ చిల్లుకు ఫైబర్ ప్యాచ్ వేసినవాళ్లందరిదీ ఒకటే గోల: తెల్లారినా పైన చేతికి జిగురు అంటుతోంది, హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) ఇంకాస్త వేసుంటే బాగుండేదా అని. వద్దండీ. మనం ప్యాచ్‌కు పూసే చిక్కటి ద్రవం, అదే పాలిస్టర్ రెజిన్, దానికి గాలి తగిలిన పైపొర పూర్తిగా గట్టిపడదు, దాని స్వభావమే అంత. గోటితో గట్టిగా నొక్కి చూడండి. గోరు దిగకపోతే లోపల బాగానే ఉన్నట్టు. అసిటోన్ గుడ్డతో జిగురు తుడిచేసి, 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు ఎక్కడా మిగలకుండా రుద్దండి. తుడవకుండా రుద్దితే కాగితం నిమిషంలో పూడుకుపోతుంది. గోరు దిగిందంటే మాత్రం ఆ ప్యాచ్ మొత్తం పీకేయాల్సిందే, దాని మీద ఎన్ని పొరలు వేసినా నిలవదు. అంచులు చెక్కడం, మ్యాట్ (గాజు నారల గుడ్డ) కోయడం మళ్లీ చెప్పను.

హార్డెనర్ సంగతి మాత్రం చెప్పి తీరాలి. కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాములు, అంతే. మనకు సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కాబట్టి పడవ పనులన్నీ మండుటెండల్లోనే పడతాయి, శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఒడ్డున మధ్యాహ్నం పూట 10 గ్రాములు సరిపోతాయి. సీసా మూతతో ఉజ్జాయింపుగా పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎక్కువైతే మగ్గులోనే వేడెక్కి పొగలు లేస్తాయి, పడవ మీద పడింది పెళుసుబారి అలల దెబ్బకు చిట్లుతుంది. మందుల షాపులో సిరంజి కొనుక్కోండి, ఒక మిల్లీలీటరు దాదాపు ఒక గ్రాము. షాపువాళ్లు కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) విడిగా ఇస్తే ముందు దాన్ని రెజిన్‌లో బాగా కలిపేయండి, హార్డెనర్ ఆ తర్వాతే. ఆ రెండూ నేరుగా ఒకదానిలో ఒకటి పడితే భగ్గుమంటాయి, పేలుతాయి కూడా. ఒకే సిరంజి రెండింటికీ వాడొద్దు. కళ్లద్దాలు లేకుండా హార్డెనర్ మూత తీయొద్దు, చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు.

ఇప్పుడు పుట్టీ. దీనికి బలం ఉండదు, గుంతను మ్యాట్‌తోనే నింపాలి, పుట్టీ నునుపు కోసం మాత్రమే. రెజిన్‌లో ఏరోసిల్ అనే తేలికైన సిలికా పౌడరు కలుపుతూ పోండి, గరిట తిరగేసినా జారకూడదు. ముక్కుకు మాస్కు ఉండాలి. హార్డెనర్ ఆఖర్న. కార్లకు పెట్టే పుట్టీ నీరు పీలుస్తుంది, నీటిలో మునిగే భాగానికి వద్దు. ఒక్కో పొర మూడు మిల్లీమీటర్లు దాటనివ్వకండి.

కాగితం వేళ్లతో పట్టుకుని రుద్దితే వేళ్ల కిందే పల్లాలు పడతాయి. అడుగు పొడవు చెక్కకు చుట్టి, ఏటవాలుగా రెండు వైపులా లాగండి. పైన నల్ల స్ప్రే పలుచగా చల్లి రుద్దితే పల్లం ఉన్నచోట నలుపు మిగిలిపోతుంది. నేనైతే చివర్లో కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూస్తాను, కంటికి ఆనని ఎత్తుపల్లాలు చేతికి దొరుకుతాయి.

అభ్యాసం: పాత ఫైబర్ ముక్క ఒకటి తెచ్చి, దానికి చిల్లు పెట్టి, మ్యాట్ వేసి, పుట్టీ పెట్టి, వారం రోజులు ఉప్పునీళ్ల బకెట్‌లో ఉంచండి. తీశాక అంచున ఉలి పెట్టి సుత్తితో కొట్టండి. పొర ఊడొస్తే ఇంకో ముక్క మీద మళ్లీ చేయండి, అది నిలిచేదాకా జెల్‌కోట్ (పడవకు పైన వేసే నున్నటి రంగు పూత) కొనొద్దు.