పాత సర్వే షీటు ఉపగ్రహ చిత్రం మీద కూర్చోవడం లేదా? ఎటు జరిగిందో ముందు చూడండి

బ్రిటిష్ కాలంలో సర్వే ఆఫ్ ఇండియా అచ్చు వేసిన మైలుకు అంగుళం షీట్లను (1:63,360) స్కాన్ చేసి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహ చిత్రం మీద పెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. షీటు సరిగ్గా కూర్చోకపోతే చాలామంది ఇరవై ముప్పై పాయింట్లు (షీటు మీది చోటునూ నేల మీది చోటునూ జతచేసే గుర్తులు) పెట్టి, థిన్ ప్లేట్ స్ప్లైన్‌తో, అంటే ప్రతి పాయింటూ అతికేలా బొమ్మను రబ్బరులా వంచే పద్ధతితో, లాగి సాగదీస్తారు. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది. అసలు తప్పు మాత్రం లోపలే ఉండిపోయి, పాయింట్లు లేని చోట బయటపడుతుంది.

అలా కాకుండా, ముందు నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు మాత్రమే ఇచ్చి పాలినామియల్ 1తో (బొమ్మను వంచకుండా జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) పెట్టండి. తర్వాత కదలని గుర్తులు నాలుగైదు తీసుకోండి: కొండ శిఖరం, గోపురం, కోట బురుజు. హైదరాబాద్ షీటుకు చార్మినార్ ఉండనే ఉంది. వాగు వంపులు, గోదావరి లంకలు పనికిరావు. బెజవాడ షీటులో ఉన్నది 1855 నాటి ఆనకట్ట. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది, కాబట్టి ఆ రెంటినీ జత కలపకండి. ఆ గుర్తులు ఎంత దూరం, ఏ దిక్కుకు జరిగాయో కొలిస్తే కారణం చాలావరకు తేలిపోతుంది.

లక్షణం: షీటంతా తూర్పుకు నాలుగు కిలోమీటర్ల పైన జరిగింది, ఉత్తర దక్షిణాల్లో పెద్ద తేడా లేదు

కారణం రేఖాంశం. త్రికోణమితి సర్వే రేఖాంశాలన్నీ మద్రాసు అబ్జర్వేటరీని పట్టుకుని వచ్చినవే. 19వ శతాబ్దపు మొదట్లో దాని రేఖాంశాన్ని 80°17'21"గా తీసుకున్నారు. తర్వాత టెలిగ్రాఫ్ తీగ మీద గ్రీనిచ్ సమయంతో పోల్చి చూస్తే అది రెండున్నర నిమిషాలు ఎక్కువని తేలింది. అందుకే 1905లో కొత్త వరుస షీట్లు మొదలుపెట్టినప్పుడు రేఖాంశాల్లోంచి 2'27.18" తీసేశారు. హైదరాబాద్ అక్షాంశం దగ్గర అది సుమారు 4.3 కి.మీ.

దిద్దుబాటు: ముందు షీటు కింది అంచులోని చిన్న అక్షరాల గమనిక చదవండి. స్కాన్ చేసేటప్పుడు చాలామంది కత్తిరించేసేది సరిగ్గా ఆ భాగాన్నే. దిద్దుబాటు ఎంతో అక్కడ ముద్రించి ఉంటే ఆ అంకెనే వాడండి, ఎందుకంటే మద్రాసుకు ఏ విలువ తీసుకున్నారన్నదాన్ని బట్టి అది మారుతుంది. గమనిక లేకపోయినా జరిగిన దూరం 4.3 కి.మీ. దగ్గర ఉంటే మూలల రేఖాంశాల్లోంచి 0.0409 డిగ్రీ తీసేయండి. అక్షాంశం ముట్టుకోకండి. 1905 తర్వాత అచ్చయినంత మాత్రాన షీటు కొత్త వరుసది అయిపోదు. పాత రాతిఅచ్చునే మళ్లీ అచ్చు వేసి, అంచులో గమనిక చేర్చి వదిలినవీ ఉన్నాయి.

లక్షణం: షీటంతా ఆగ్నేయానికి 180–240 మీటర్లు జరిగింది

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. షీటు గీసింది ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి అప్పట్లో తీసుకున్న లెక్క) మీద, మధ్యప్రదేశ్‌లోని సిరోంజ్ దగ్గరి కల్యాణ్‌పూర్‌ను కొలతలకు మొదటి బిందువుగా తీసుకుని. మీరు మూలల విలువలను డబ్ల్యూజీఎస్ 84 (ఇప్పటి జీపీఎస్ వాడే లెక్క) అనుకుని ఇచ్చారు. హైదరాబాద్ దగ్గర లెక్కవేస్తే తూర్పుకు 140 మీ., దక్షిణానికి 115 మీ. చిల్లర వస్తుంది. విశాఖ దగ్గర తూర్పు జరుగుడు 200 దాటుతుంది.

దిద్దుబాటు: జియోరెఫరెన్సర్‌లో (క్యూజీఐఎస్‌లో బొమ్మను నేల మీది చోటికి కూర్చోబెట్టే పనిముట్టు) టార్గెట్ సీఆర్‌ఎస్‌గా, అంటే అక్షాంశ రేఖాంశాలు ఏ లెక్కలో ఉన్నాయో చెప్పే చోట, ఈపీఎస్‌జీ కోడ్ 4146 (కల్యాణ్‌పూర్ 1975) ఇవ్వండి. మూలల అంకెలు షీటు మీద ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ప్రాజెక్టులో తెరిచాక సాఫ్ట్‌వేర్ కల్యాణ్‌పూర్ లెక్క నుంచి డబ్ల్యూజీఎస్ 84కు ఏ మార్పిడి (డేటమ్ మార్పిడి) వాడుతోందో చూడండి. అందులో 295, 736, 257 అనే మూడు అంకెలు కనిపించాలి. లేకపోతే మార్పిడి జరగలేదన్నమాట, తేడా అలాగే ఉంటుంది.

పైన చెప్పిన రెండు తప్పులూ ఒకే షీటులో ఉండొచ్చు. అప్పుడు ముందు రేఖాంశం తగ్గించి, ఆ పైన 4146 ఇవ్వాలి. ఇదంతా చేశాక 30 మీటర్లు మిగిలితే వదిలేయండి. కాగితం మీద అర మిల్లీమీటరు అంటే నేల మీద 32 మీటర్లు. గీత మందమే దాదాపు అంత ఉంటుంది.

లక్షణం: ఒక అంచు కుదిరితే రెండో అంచు కుదరదు

కాగితం ఒక దిక్కున ఎక్కువ కుంచించుకుపోయింది. స్కేలు పెట్టి కొలవండి. హైదరాబాద్ ఉన్న 56 కె/7 షీటు (ఈ నంబర్ల లెక్క కింద ఉంది) నిలువు 437 మి.మీ., పై అంచు అడ్డం 419 మి.మీ. ఉండాలి. మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువైతే హెల్మర్ట్ అనే పద్ధతి పనికిరాదు, అది రెండు దిక్కులనూ ఒకేలా లాగుతుంది. పాలినామియల్ 1 దేన్ని ఎంత లాగాలో అంత లాగుతుంది.

లక్షణం: రోడ్డు ఉన్నట్టుండి వంద మీటర్లు పక్కకు దూకుతుంది

షీటును ముక్కలుగా కోసి గుడ్డ మీద అతికించారు. మడత దగ్గర ముక్కకూ ముక్కకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల గుడ్డ కనిపిస్తుంది. ఒక మిల్లీమీటరుకు 63 మీటర్లు. బొమ్మల ఎడిటర్‌లో ముక్కలను దగ్గరకు జరిపి, సందు మూసి, ఆ తర్వాతే జియోరెఫరెన్స్ చేయండి. స్ప్లైన్ ఇక్కడా వద్దు, అది సందును చుట్టూ ఉన్న నేలకంతా పంచుతుంది.

లక్షణం: గ్రిడ్ గళ్లతో పెడితే దూరాలన్నీ తొమ్మిది శాతం దాకా తేడా

రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనిక ముద్రణల మీద గ్రిడ్ గజాల్లో ఉంటుంది, మీటర్లలో కాదు. వెయ్యి గజాల గడి 914 మీటర్లు. ఆ గ్రిడ్‌లోని 3ఎ జోన్ లెక్క మొదలయ్యే బిందువు 19° ఉత్తరం, 80° తూర్పు. ఆ బిందువుకు ఇచ్చిన అంకెలు తూర్పు 30,00,000 గజాలు, ఉత్తరం 10,00,000 గజాలు. ఈపీఎస్‌జీ 24373 ఆ గజాల్లోనే ఉంది. డేటమ్ మార్పిడి మాత్రం పైన చెప్పినట్టే సరిచూసుకోవాలి.

లక్షణం: కావాల్సిన ఊరు షీటులోనే లేదు

అంకెలు అడ్డంగా లెక్కపెట్టి ఉంటారు. ఇక్కడ వరుస పై నుంచి కిందికి. 56 అంటే 16–20° ఉత్తరం, 76–80° తూర్పు. దానిలో ఎ, బి, సి, డి ఎడమ అంచున పై నుంచి కిందికి దిగుతాయి. ఇ మళ్లీ పక్క నిలువు వరుస పైన మొదలవుతుంది. ఒక్కో అక్షరం ఒక డిగ్రీ షీటు, దానిలోని 1 నుంచి 16 కూడా అంతే. విశాఖపట్నం (17°41', 83°13') ఈ లెక్కన 65 ఓ/2.

షీటు సరైనదే అయినా పేరు దొరక్కపోతే కాకినాడను కొకనాడగా, విశాఖను విజగపటంగా రాసే రోజులవని గుర్తుంచుకోండి. ట, త ఒక్కలాగే, డ, ద ఒక్కలాగే రాశారు. పేరుతో కాక చెరువు ఆకారంతో వెతికితే త్వరగా దొరుకుతుంది.

లక్షణం: ఎత్తుల పటంలో చెరువు కట్ట దగ్గర గుంత పడింది

కట్ట పక్కన 12 అంకె, దాని వెంట చిన్న ఆర్ అక్షరం ఉంటుంది. అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు, చుట్టూ ఉన్న నేల కంటే కట్ట 12 అడుగులు ఎత్తని చెప్పే అంకె. ఆర్ ఉన్న అంకెలన్నీ వేరే కాలమ్‌లో పెట్టండి. మిగతా ఎత్తులు అడుగుల్లో ఉంటాయి, 0.3048తో గుణించండి. కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మధ్య తేడా సాధారణంగా 50 అడుగులు. తెగితెగి ఉన్న గీతలు మాత్రం కొండ ఆకారాన్ని కంటితో అంచనా వేసి గీసినవి, వాటికి ఎత్తు విలువ ఇవ్వొద్దు.

లక్షణం: నీలం రంగును వేరు చేస్తే సగం చెరువులు రాలేదు

ఏడాది పొడుగునా నీళ్లుండే వాటికే నీలం వేశారు. ఎండిపోయే చెరువుకు నల్ల గీతే. రాయలసీమ, తెలంగాణ షీట్లలో రంగును నమ్ముకుంటే గొలుసుకట్టు చెరువులు చాలా వరకు జారిపోతాయి. కట్ట గుర్తు పట్టుకుని చేత్తోనే గీయాలి.