ఓడలో అందరికీ పని: స్పేస్ ఫాంటసీ ఆటకి రూల్స్ కుదుర్చుకోవడం

మొదటిసారి స్పేస్ ఫాంటసీ (అంతరిక్ష ఓడలూ మంత్రాలూ కలిసిన కథ) ఆడించినప్పుడు ఏమీ ఆలోచించకుండా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషనే తీసుకున్నాను. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేసుకుని, డైస్ (పాచికలు) విసిరి కథ నడిపే ఆట అది. అందరికీ వచ్చిన ఆట, కొత్తగా నేర్పక్కర్లేదు. మూడో శనివారం ఓడల ఫైట్ పెట్టాను. ఒకడు ఓడ తిప్పుతున్నాడు, ఇంకొకడు ఫిరంగి పేలుస్తున్నాడు. క్లెరిక్‌గా, అంటే వైద్యం మంత్రాలు వచ్చిన పూజారి పాత్రగా, ఆడుతున్న మా వదిన రెండు గంటలసేపు పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుంది. "నా వంతొస్తే లేపు, ఈలోగా కునుకు తీస్తా" అంది చివరికి. గుహల్లో తిరిగేవాళ్ల కోసం రాసిన రూల్స్‌తో ఓడ నడిపించబోయాను మరి.

ఇప్పుడు ఏ రూల్‌బుక్ తెరవాలన్నా ముందు ఒక కాగితం మీద, ఆటలో పదే పదే రావాలనుకునే సీన్లు మూడు రాసుకుంటాను. "అంతరిక్ష సాహసం" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "ఇంజిన్ గదిలో మంట, మాంత్రికురాలు దాన్ని ఆర్పాలా, ఓడని మాయం చెయ్యాలా?" అని రాయాలి. ఆ సీన్‌లో డైస్ ఎవరి చేతిలో ఉండాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

లెవెల్సూ, మంత్రాల పట్టికలూ కావాలంటే ఐదో ఎడిషన్‌తో ఇబ్బంది లేదు. దాని ఉచిత రూల్స్ పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1, 2023లో క్రియేటివ్ కామన్స్ అనే, అందరూ వాడుకోనిచ్చే లైసెన్స్ కిందికి వచ్చింది, కాబట్టి మీరు మార్చి రాసుకున్నది పదిమందికీ పంచుకోవచ్చు. ఐదో ఎడిషన్‌కే వచ్చిన అంతరిక్షం పుస్తకం, 2022 స్పెల్‌జామర్‌లో మంత్రం వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని ఓడని నడుపుతారు. ఊహ బ్రహ్మాండం, ఓడల ఫైటింగ్ మాత్రం నీళ్ల చారు. లేజర్లూ మంత్రాలూ మొదటినుంచే కలిపి వండింది స్టార్‌ఫైండర్ (2017). లెక్కలంటే సరదా ఉన్నవాళ్లకే ఇస్తాను దాన్ని. దొంగసరుకు, అప్పులు, పారిపోవడాలు అయితే స్కమ్ అండ్ విలనీ. చేతిలో పైసా పెట్టకుండా మొదలుపెట్టాలంటే స్టార్స్ వితౌట్ నంబర్ ఉచిత ఎడిషన్.

డైస్ స్వభావం కూడా చూసుకోండి. ఇరవై ముఖాల డైలో ప్రతి అంకెకీ 5 శాతమే. 1 పడినా 20 పడినా దానికి ఒకటే. రెండు ఆరుముఖాల డైస్ కలిపి, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పూర్తి గెలుపు, 7 నుంచి 9 అయితే "అయింది, కానీ..." అనే పద్ధతిలో, మొత్తానికి +1 కలుపుకునేవాడికి 36లో 10 సార్లు గెలుపు, 16 సార్లు ఆ "కానీ", 10 సార్లు ఓటమి. కథ ముందుకు దొర్లేది ఆ "కానీ" దగ్గరే.

ఇక మార్పులు. ఒకేసారి ఒక్క రూలే మార్చండి. స్టార్స్ వితౌట్ నంబర్‌లో ఓడకి బ్రిడ్జి, ఇంజినీరింగ్, గన్నరీ లాంటి విభాగాలుంటాయి. ఎవరి విధి వాళ్లు చేస్తే ఓడకి పాయింట్లు, ఆ పాయింట్లు ఖర్చుపెట్టి ఓడ పనులు. దాన్ని ఐదో ఎడిషన్‌లోకి ఎత్తుకొచ్చి 'దీపం గది' అని నాది ఒకటి కలిపాను: అక్కడ కూర్చున్నవాళ్లు స్పెల్ స్లాట్ (మంత్రం వెయ్యడానికి లెక్కగా ఉండే అవకాశం) ఒకటి వదిలేస్తే, దాని లెవెల్ ఎంతో అన్ని పాయింట్లు. ఆ వారం వదిన పల్లీల జోలికి పోలేదు. మూడో లెవెల్ స్లాట్లు రెండూ దీపంలో పోసేసింది, తర్వాత ఫిరంగివాడు కూలితే గట్టిగా వైద్యం చెయ్యడానికి మిగల్లేదు. బల్లంతా ఒకటే గోల.

రెండో మార్పు ఫైర్‌బాల్ అనే నిప్పుముద్ద మంత్రం కోసం. ఎనిమిది ఆరుముఖాల డైస్, దెబ్బ సగటున 28. అరవై ప్రాణం పాయింట్లున్న ఓడకి రెండు తగిలితే నాలుగు పాయింట్లు మిగుల్తాయి, ఇక ఫిరంగులెందుకు? అందుకని మనిషి లెక్కలో పది, ఓడ లెక్కలో ఒకటి అన్నాను, చిల్లర వదిలెయ్యాలి. ఓడ ప్రాణం పాయింట్లు పన్నెండుకి దించాను. 28 అంటే ఓడకి 2. తిరగేస్తే ప్రమాదం: ఓడ ఫిరంగి దెబ్బ 3 అయితే మనిషికి 30, ఐదో లెవెల్ మాంత్రికుడు దాదాపు గోవిందా. ఫిరంగి ఓడనే గురిపెట్టగలదు, మనిషిని కాదు అని ఇంకో గీత గీశాక కుదిరింది.

ఏ మార్పైనా బల్ల మీదికి తెచ్చేముందు ఒక్కరే కూర్చుని మూడు రౌండ్లు ఆడి చూడండి. వరసగా రెండు రౌండ్లు ఎవరి పాత్రకైనా డైస్ అందకపోతే ఆ రూల్ కొట్టెయ్యండి. మా దగ్గర రౌండుకి ఇరవై నిమిషాలు పట్టేది, ఓడ పనులకి ఖర్చుపెట్టే పాయింట్లు ఎన్ని మిగిలాయన్న వాదనతోనే. ఇప్పుడు బల్ల మధ్యలో గిన్నెలో చింతగింజలు పోస్తాను. పాయింటుకో గింజ. గిన్నె ఖాళీ అయితే శత్రువు వంతు.